పొట్టి మహాకాయుడు : స్టీఫెన్ డగ్లస్

అబ్రహాము లింకను పేరు విననివారు బడిపిల్లలలో కూడ అరుదు. కాని 1858వ సంవత్సరమున అమెరికాలో ఎవరినైనను నిలిపి, ఇల్లినాయ్ రాష్ట్రమున గొప్పవాడెవడని అడిగినచో, వారు చెప్పెడి పేరు స్టీఫెన్ ఆర్నల్డ్ డగ్లస్. అప్పటికి పదునొకండేండ్లుగా ఆతడు సెనేటు సభ్యుడు. నేడో రేపో అధ్యక్ష పీఠమెక్కగలవాడని పలువురు తలచినవాడు. లింకనో, ఒక్క పర్యాయము మాత్రము కాంగ్రెసులో కూర్చుండి తిరిగి వచ్చిన ప్లీడరు. తరువాతి మూడేండ్లలో ఈ ఇరువురి గతులు తారుమారైనవి. ఒకని విగ్రహములు లోకమంతట వెలసినవి; రెండవవాడు ఆతని కథలో ప్రత్యర్థిగా మిగిలెను. అయినను, బానిసత్వ విషయమున తలెత్తిన రాజకీయ కలహములు ఒక మహాదేశమును అంతర్యుద్ధమునకు ఎట్లు ఈడ్చుకొనిపోయినవో తెలిసికొనగోరువారికి లింకను జీవితముకంటె డగ్లస్ జీవితమే ఎక్కువ చెప్పును. ఆ మంటను ఆర్పుదునని బయలుదేరి, దానిని రాజేసినవాడు డగ్లస్.

ఆతడు 1813వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదిన, కొండల సీమయగు వెర్మాంటు రాష్ట్రములో, బ్రాండన్ గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు, బిడ్డ పొత్తిళ్లలో ఉండగనే మరణించెను. మేనమామ పొలమున పనిచేయుచు పెరిగిన ఆ బాలుడు, కొంతకాలము బల్లలు, బీరువాలు చేయు వడ్రంగివద్ద పని నేర్చెను. శరీరము తట్టుకొనక ఆ పని మానెను. తల్లి మరల వివాహమాడి న్యూయార్కు రాష్ట్రమునకు తరలగా, అచట ఒక పాఠశాలలో చదివెను. ఇరువది యేండ్ల వయసున, 1833లో, అదృష్టమును వెదకికొనుచు పడమటికి ప్రయాణమయ్యెను. త్రోవలో క్లీవ్‌లాండు పట్టణమున జ్వరముతో నెలల తరబడి మంచమెక్కెను. ఇల్లినాయ్‌లోని వించెస్టరు చేరునాటికి చేతిలో చిల్లర తప్ప లేదు. అచట ఒక బడి తెరచెను. పిల్లలు నలుబదిమంది, తలకు 3 డాలర్లు రుసుము. పగలు పాఠము చెప్పుచు, రాత్రులు న్యాయశాస్త్రము చదువుకొనుచు మూడు నెలలు గడపెను. 1834 మార్చిలో ప్లీడరు పట్టా చేతికి రాగానే బడి మూతపడెను. బడిపంతులు పని ఆతనికి దాటిపోవలసిన రేవు మాత్రమే. పెద్ద సభలలో చిక్కు విషయమును సామాన్యునకు తెలియునట్లు విప్పి చెప్పు నేర్పునకు ఆ మూడు నెలలు కొంత తోడ్పడియుండును.

మనిషి పొట్టివాడు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళములు. తల పెద్దది, భుజములు విశాలమైనవి, కంఠము గంటవలె మ్రోగెడిది. ఆకారమునకును సామర్థ్యమునకును గల ఈ పొందికలేమిని చూచి జనులు ఆతనిని పొట్టి మహాకాయుడని పిలిచిరి. పొట్టివానికి పుట్టెడు బుద్ధులని తెలుగువారి సామెత. ఇల్లినాయ్ ప్రజలకు సామెత తెలియకపోయినను భావము తెలిసినదే. 1835లో ఆతడు ప్రభుత్వ ప్లీడరు. 1836లో రాష్ట్ర శాసనసభ్యుడు. ఆ సభలోనే లింకను కూడ ఉండెను. 1838లో కాంగ్రెసుకు పోటీచేసి 36 ఓట్ల తేడాతో ఓడెను. 1841లో, ఇరువదియేడవ యేట, రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1843లో ప్రతినిధుల సభ; 1847లో సెనేటు. అచట టెరిటరీల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. రాష్ట్రహోదా ఇంకను రాని పడమటి ప్రాంతములను అచట టెరిటరీలందురు. దేశము పడమటికి పెరుగుచున్న ఆ దినములలో అంతకు మించిన కీలకస్థానము సెనేటులో లేదు.

ఆ కాలపు కలహమునకు మూలమేమో ఇచట కొంత చెప్పవలసియున్నది. ఉత్తర రాష్ట్రములు క్రమముగా బానిసత్వమును రద్దుచేసికొన్నవి. దక్షిణమున ప్రత్తి సేద్యము పెరిగినకొలది బానిసల సంఖ్యయు పెరిగెను. 1860 నాటి జనాభా లెక్కలలో వారు సుమారు 40 లక్షలమంది. సెనేటులో పెద్ద రాష్ట్రమునకైనను చిన్న రాష్ట్రమునకైనను ఇద్దరే సభ్యులు. కావున పడమట క్రొత్తగా ఏర్పడు ప్రతి రాష్ట్రము బానిసత్వమును అంగీకరించునా, నిషేధించునా అనునది బలాబలముల ప్రశ్నయయ్యెను. 1820లో ఒక రాజీ కుదిరెను. మిస్సౌరీ బానిసరాష్ట్రముగను, మెయిన్ స్వేచ్ఛారాష్ట్రముగను చేరునట్లును, ఫ్రాన్సునుండి కొన్న భూభాగమున, మిస్సౌరీ తప్ప, 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశరేఖకు ఉత్తరమున బానిసత్వము ఉండరానట్లును నిర్ణయించిరి. ముప్పదినాలుగేండ్లు ఆ గీత నిలిచెను.

1848లో మెక్సికోతో యుద్ధము ముగిసి, విశాలమైన క్రొత్త భూములు చేతికి రాగా పాత తగవు మరల లేచెను. వృద్ధ నాయకుడు హెన్రీ క్లే 1850లో అన్ని అంశములను ఒకే చట్టముగా కూర్చి సెనేటు ముందుంచెను. ప్రతి అంశమునకును శత్రువులుండిరి గాన, అందరి శత్రువులు కలిసి దానిని కూల్చిరి. క్లే అలసి విశ్రాంతికి వెడలెను. ముప్పదియేడేండ్ల డగ్లస్ ఆ మూటను విప్పి, ఒక్కొక్క అంశమును వేరు చట్టముగా ప్రవేశపెట్టి, ఒక్కొక్కదానికి వేరు మిత్రులను కూడగట్టి సెప్టెంబరునాటికి అన్నిటిని గట్టెక్కించెను. కాలిఫోర్నియా స్వేచ్ఛారాష్ట్రమయ్యెను, రాజధానిలో బానిసల వ్యాపారము నిలిచెను, దానికి ప్రతిగా పారిపోయిన బానిసలను పట్టియిచ్చు కఠిన చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు, తన పక్షమున సాక్ష్యము చెప్పుకొను హక్కు లేదు. విచారించు అధికారి వానిని యజమానికి అప్పగించినచో 10 డాలర్లు, విడిచిపెట్టినచో 5 డాలర్లు రుసుము పొందును. ఇట్టి చట్టము కూడ ఆ బేరములో భాగము. దేశము ఊపిరి పీల్చుకొనెను. డగ్లస్ కీర్తి పెరిగెను. ఎట్టి తగవునైనను విడదీసి, లెక్కకట్టి, ఓట్లు కూర్చి తీర్పవచ్చునను నమ్మకము ఆతనిలో ఆనాడే పాతుకొనెను.

ఆతని సొంత జీవితములో బానిసత్వము ఎంత దూరమున నుండెనో కూడ గమనింపదగినది. 1847లో ఆతడు ఉత్తర కరోలినాకు చెందిన మార్తా మార్టిన్‌ను వివాహమాడెను. మామగారు మిసిసిపీలోని ఒక ప్రత్తి ఎస్టేటును, దాని బానిసలతో సహా, పెండ్లికానుకగా ఇయ్యజూపెను. ఉత్తరాది నాయకునకు అది ప్రమాదమని ఎరిగి డగ్లస్ వలదనెను. మరుసటి యేట మామగారు మరణించుచు ఆ ఆస్తిని కుమార్తె పేర వ్రాసి, అల్లుని నిర్వాహకునిగా నియమించి, రాబడిలో ఐదవవంతు ఆతనికి ముట్టునట్లు ఏర్పాటుచేసెను. ఆ చేలలో పనిచేసిన బానిసలు నూరుమందికి పైగా ఉండిరి. డగ్లస్ తాను బానిసల యజమానిని కానని చెప్పుకొనగలిగెను. రాబడిలో వాటాను మాత్రము వదలలేదు. 1853లో మార్తా ప్రసవ సమయమున కన్నుమూసెను. ఆస్తి చిన్నపిల్లలగు ఇద్దరు కొడుకులకు సంక్రమించెను.

దుఃఖము మరచుటకై ఆతడు కొన్ని నెలలు యూరపు తిరిగి వచ్చి, వచ్చినవెంటనే జీవితములోకెల్ల పెద్ద పనికి పూనుకొనెను. షికాగో నుండి పసిఫిక్ తీరమునకు రైలుమార్గము వేయవలెనని ఆతని చిరకాల వాంఛ. షికాగోలో ఆతనికి స్థలములును ఉండెను. మార్గము పోవలసిన పడమటి మైదానములు ఒప్పందముల ప్రకారము ఆదివాసి తెగలకు విడిచినవి. ఆ ఒప్పందములను గూర్చి సెనేటులో అంతగా చింతించినవారు లేరు. అచట ముందు ఒక ప్రభుత్వము ఏర్పడవలెను. దానికి దక్షిణాది సభ్యుల ఓట్లు కావలెను. ఆ భూమి 1820 నాటి గీతకు ఉత్తరమున నున్నది గాన, వారు ఉచితముగా ఓటు వేయరు. 1854 జనవరి 4వ తేదిన డగ్లస్ తన చట్టమును తెచ్చెను. మొదట ఆ గీత మాటను నేర్పుగా దాటవేసెను. కెంటకీ సభ్యుడు డిక్సన్ గీతను బాహాటముగా రద్దుచేయవలెనని పట్టుబట్టెను. డగ్లస్ కొంత వెనుకాడి, దాని వలన పెద్ద తుపాను లేచునని తెలిసియే ఒప్పుకొనెను. అధ్యక్షుడు పియర్స్ మద్దతును కూడ సంపాదించెను.

ఆ చట్టము కాన్సస్, నెబ్రాస్కా అను రెండు టెరిటరీలను ఏర్పరచి, బానిసత్వము ఉండవలెనా వద్దా అను నిర్ణయమును అచట నివసించువారికే విడిచెను. దీనికి డగ్లస్ పెట్టిన పేరు ప్రజాధిపత్యము. చూచుటకు ఇంతకంటె న్యాయమైన సూత్రము లేదు. దూరపు వాషింగ్టనులో కూర్చున్నవారేల, ఊరివారే తమ వ్యవహారము తీర్చుకొనరాదా? ఆతని దృష్టిలో అది పొలమున గోధుమ వేయవలెనా, పొగాకు వేయవలెనా అను ప్రశ్నవంటిది. శీతోష్ణస్థితియు, స్థానికుల ఇష్టమును దానిని తేల్చును. బానిసత్వము గెలిచినను ఓడినను తనకు పట్టింపు లేదని ఆతడు పలుమారులు చెప్పుకొనెను. ఆ తటస్థతనే రాజనీతి అనుకొనెను. కాని ఎవని మెడకు సంకెల వేయుదమా వద్దా అని ఓట్లు తీయుచుండిరో, ఆ మనుష్యునకు ఓటు లేదు. తన సూత్రములోని ఈ రంధ్రము డగ్లస్‌కు కనబడలేదనుటకంటె, అది రంధ్రమని ఆతనికి తోచలేదనుటయే సరియైనది. ఈ ప్రభుత్వము తెల్లవారు తెల్లవారికొరకు కట్టుకొన్నదని ఆతడు వేదికలపై దాపరికము లేక చెప్పెను.

మార్చి 3వ తేది రాత్రి అంతయు చర్చ సాగెను. డగ్లస్ అర్ధరాత్రి దాటిన పిదప కూడ నిలిచి వాదించి, తెల్లవారుజామున 37కు 14 ఓట్లతో సెనేటులో గెలిచెను. ప్రతినిధుల సభలో 113కు 100. మే 30న చట్టమయ్యెను. అది కొరివితో తల గోకికొన్నట్లయ్యెను. ముప్పదినాలుగేండ్లుగా పవిత్రమని ఉత్తరాదివారు నమ్మిన ఒడంబడిక ఒక్క రాత్రిలో తెగెను. ఊరూర ఆతని దిష్టిబొమ్మలను తగులబెట్టిరి. ఆ మంటల వెలుగులో బోస్టను నుండి షికాగో వరకు ప్రయాణము చేయగలనని ఆతడే చమత్కరించెను. సెప్టెంబరు 1వ తేదిన సొంత ఊరగు షికాగోలో సభ పెట్టగా, జనము గంటల తరబడి కేకలువేసి ఆతనిని మాటాడనీయలేదు. విగ్ పక్షము కూలిపోయెను. బానిసత్వ విస్తరణను ఎదిరించువారందరు కూడి రిపబ్లికను పక్షమును స్థాపించిరి. రాజకీయములనుండి కొంత విరమించి వకాల్తాలలో మునిగియున్న లింకను ఈ చట్టము వలననే మరల రంగమునకు వచ్చెను.

ఇక కాన్సస్. ఓట్ల సంఖ్యయే తీర్పనినచో, ఓటర్లను తరలించుటయే విజయమగును. దక్షిణమునుండి ఒకరు, ఉత్తరమునుండి ఒకరు అచటికి మనుష్యులను పంపుటకు పోటీపడిరి. 1855 మార్చి ఎన్నికలలో సరిహద్దు దాటి వచ్చిన మిస్సౌరీవారు తుపాకులతో పోలింగు స్థలములను ఆక్రమించిరి. ఓటుహక్కు గలవారు సుమారు 2,900 మందియే కాగా పడిన ఓట్లు 6,000కు మించెను. రెండు పోటీ ప్రభుత్వములు వెలసెను. 1856 మే 21న బానిసత్వవాదులు లారెన్సు పట్టణమును దోచిరి. మరునాడు సెనేటు సభామందిరములోనే, కాన్సస్ అక్రమములను తీవ్రముగా ఖండించిన చార్లెస్ సమ్నర్‌ను దక్షిణ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికఱ్ఱతో స్పృహ తప్పునట్లు కొట్టెను. సమ్నర్ తన ప్రసంగమున డగ్లస్‌ను కూడ తూలనాడియుండెను. రెండు రోజుల తరువాత కాన్సస్‌లో జాన్ బ్రౌన్ అనుచరులు బానిసత్వపక్షమువారిని ఐదుగురిని ఇండ్లనుండి ఈడ్చి చంపిరి. డగ్లస్ ఆశించిన ప్రజాధిపత్యము మొదటి పరీక్షలో ఇట్లు రక్తసిక్తమయ్యెను.

1857 మార్చిలో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. నల్లవారు పౌరులు కానేరరనియు, టెరిటరీలలో బానిసత్వమును నిషేధించు అధికారము కాంగ్రెసుకు లేదనియు దాని సారము. కాంగ్రెసుకే లేని అధికారము అది పుట్టించిన టెరిటరీకి ఎట్లు వచ్చును? డగ్లస్ సూత్రమునకు పునాది కదలెను. ఆ యేడే కాన్సస్‌లోని లెకాంప్టన్‌లో బానిసత్వవాదులు ఒక రాజ్యాంగము వ్రాసి, ఎట్లు ఓటువేసినను ఉన్న బానిసలు బానిసలుగనే ఉండునట్లు ప్రశ్నను అమర్చిరి. అధ్యక్షుడు బుకానన్ దానిని ఆమోదించెను. ఆతడు డగ్లస్ పక్షమువాడే.

ఇచట డగ్లస్ చేసిన పని ఆతని విమర్శకులు కూడ మెచ్చదగినది. 1857 డిసెంబరులో ఆతడు అధ్యక్షభవనమునకు పోయి, ఆ రాజ్యాంగమును ఎదిరింతునని ముఖముననే చెప్పెను. పక్షాధిపతిని ధిక్కరించినవారిని ఆండ్రూ జాక్సన్ ఎట్లు నలిపివేసెనో జ్ఞప్తి చేసికొమ్మని బుకానన్ బెదరించెను. జాక్సన్ చనిపోయినాడని డగ్లస్ గుర్తుచేసి వచ్చెను. ఆతనికి బానిసత్వముపై కోపము లేదు; ఓటును దొంగిలించుటపై కోపము. ఆ కోపము నిజమైనది. ఆతని అనుచరుల ఉద్యోగములు పోయినవి, దక్షిణాది మిత్రులు దూరమైరి, ఆతడు చలింపలేదు. 1858 ఆగస్టున మరల ఓటు తీయగా కాన్సస్ ప్రజలు 11,300 ఓట్లతో ఆ రాజ్యాంగమును త్రోసిపుచ్చిరి. దాని పక్షమున వచ్చినవి 1,788. న్యూయార్కు సంపాదకుడు హొరేస్ గ్రీలీవంటి రిపబ్లికనులు సయితము, డగ్లస్‌పై పోటీ పెట్టవలదని తమవారికి సలహా ఇచ్చిరి. ఇల్లినాయ్ రిపబ్లికనులు వినక లింకనును నిలిపిరి.

ఆ వేసవినుండి శరత్తు వరకు ఏడు పట్టణములలో ఏడు వాదములు జరిగినవి. ఆగస్టు 21న ఒట్టావాలో మొదలై అక్టోబరు 15న ఆల్టన్‌లో ముగిసినవి. ఒకడు ఒక గంట, రెండవవాడు గంటన్నర, మొదటివాడు మరల అరగంట, ఇది నియమము. డగ్లస్ ప్రత్యేకమైన రైలుపెట్టెలో, రాకను చాటుటకు ఒక ఫిరంగిని వెంటబెట్టుకొని వచ్చెడివాడు. లింకను సామాన్య ప్రయాణికుడు. ఎండలో, దుమ్ములో వేలాది రైతులు మూడు గంటలు నిలిచి వినిరి. సంక్షిప్తలిపి నేర్చిన విలేఖరులు ప్రతి మాటను వ్రాసికొని పత్రికలకు పంపిరి. లింకను తెలుపు నలుపుల సమానత్వమును కోరుచున్నాడని డగ్లస్ సభికుల దురభిమానమును రెచ్చగొట్టెను. లింకను కూడ చార్లెస్టన్ వేదికపై సంపూర్ణ సమానత్వము తన మతము కాదని చెప్పి వెనుకకు తగ్గెను. ఆనాటి ఓటరు ఎట్టివాడో దీనివలన తెలియును. అయినను బానిసత్వము తప్పా ఒప్పా అను ప్రశ్నను లింకను విడువలేదు. డగ్లస్ ఏడు సభలలోను ఆ ప్రశ్నకు ఉత్తరమీయలేదు.

ఫ్రీపోర్టులో లింకను ఒక చిక్కు ప్రశ్న వేసెను. సుప్రీంకోర్టు తీర్పు తరువాత టెరిటరీ ప్రజలు బానిసత్వమును చట్టప్రకారము వలదనగలరా? కాదన్నచో ఇల్లినాయ్ పోవును. అవునన్నచో దక్షిణము పోవును. కరవమన్న కప్పకు కోపము, విడువమన్న పాముకు కోపము. స్థానిక చట్టముల, పోలీసుల రక్షణ లేనిదే బానిసత్వము ఒక్క దినమైనను నిలువదు గాన, ఆ చట్టములు చేయకుండుటయే చాలునని డగ్లస్ జవాబిచ్చెను. ఈ మాట అంతకుముందు కూడ చెప్పినదే, కాని ఈ మారు దేశమంతయు వినెను. ఆ కాలమున సెనేటు సభ్యులను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకొనెడివి. 1859 జనవరిలో 54కు 46 ఓట్లతో డగ్లస్ గెలిచెను. అంతకుముందే దక్షిణాదివారు ఆతనిని టెరిటరీల సంఘాధ్యక్షతనుండి తొలగించియుండిరి.

1860 ఏప్రిలు 23న, తన నలుబదియేడవ జన్మదినమున, డెమొక్రాటిక్ పక్ష మహాసభ దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నగరమున ప్రారంభమయ్యెను. టెరిటరీలలో బానిసత్వమును రక్షించు చట్టము కావలెనని దక్షిణాది ప్రతినిధులు కోరి, అది కుదరకపోగా లేచిపోయిరి. అభ్యర్థికి మూడింట రెండువంతుల ఓట్లు కావలెనను నియమముండగా, 57 పర్యాయములు ఓట్లు తీసినను డగ్లస్‌కు సగమునకు కొంచెము మించి మాత్రమే వచ్చెను. జూనులో బాల్టిమోరున ఉత్తరాదివారు ఆతనిని, విడిపోయినవారు ఉపాధ్యక్షుడు బ్రెకిన్‌రిడ్జిని నిలిపిరి. దేశమంతట వ్యాపించిన చివరి పెద్ద పక్షము రెండుగా చీలెను.

అధ్యక్ష పదవికి నిలిచినవాడు స్వయముగా ప్రచారము చేయుట ఆనాడు మర్యాద కాదు. డగ్లస్ మర్యాదను ప్రక్కకు నెట్టి ఊరూర తిరిగెను. వర్జీనియాలోని నార్ఫోకులో, లింకను గెలిచినచో రాష్ట్రములు విడిపోవుట న్యాయమగునా అని అడుగగా, కాదని దక్షిణాది గడ్డపైననే నిష్కర్షగా చెప్పెను. అక్టోబరులో పెన్సిల్వేనియా, ఇండియానా ఎన్నికల ఫలితములు వచ్చునప్పటికి ఆతడు అయోవాలో ఉండెను. లింకను గెలుపు ఇక తప్పదని గ్రహించి, తన ఓట్ల ఆశ విడిచి, సమాఖ్యను నిలుపుడని వేడుటకై దక్షిణమునకు బయలుదేరెను. రాళ్లు, క్రుళ్లిన పండ్లు విసరెడి జనము నడుమ ఉపన్యసించుట ఆరోగ్యమునకు భారమయ్యెను, మద్యపానమును ఎక్కువయ్యెను. నవంబరు 6వ తేది రాత్రి అలబామాలోని మొబైల్‌లో ఫలితములు వినెను. సుమారు 13 లక్షల 80 వేల ఓట్లతో ప్రజల ఎంపికలో రెండవస్థానము ఆతనిదే. ఎలక్టొరల్ ఓట్లు మాత్రము 12. లింకనుకు వచ్చినవి 180.

డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోయెను. సెనేటు నియమించిన పదుమూవురి సంఘములో కూర్చుండి డగ్లస్ కడపటి రాజీకై పెనగులాడెను. ఏ గీతను తాను చెరిపెనో, ఆ 36 డిగ్రీల 30 నిమిషముల గీతనే పసిఫిక్ వరకు పొడిగింతుమను క్రిటెండెన్ ప్రతిపాదనకు ఇప్పుడు ఆతడు మద్దతుదారు. అది నెగ్గలేదు. 1861 జనవరి 29న కాన్సస్ స్వేచ్ఛారాష్ట్రముగా చేరెను. అప్పటికే దక్షిణాది సభ్యులు పలువురు ఖాళీచేసిన కుర్చీల నడుమ డగ్లస్ ఆ వార్త వినెను.

ఏప్రిలు 12న సమ్టర్ కోటపై ఫిరంగులు ప్రేలినవి. 14వ తేది ఆదివారము సాయంకాలము డగ్లస్ తన పాతికేండ్ల ప్రత్యర్థిని చూడబోయెను. ఇరువురు రెండు గంటలు మాటాడిరి. 75,000 మంది సైనికులను పిలువనున్నానని లింకను తన ప్రకటనను చదివి వినిపింపగా, తానైనచో రెండు లక్షలమందిని పిలుతునని డగ్లస్ చెప్పి, పటము ముందు నిలిచి కాపాడవలసిన స్థలములను చూపెను. మరునాటి పత్రికలలో అధ్యక్షుని ప్రకటనతో పాటు, డగ్లస్ మద్దతు వార్తయు వెలువడెను. ఉత్తరాది డెమొక్రాట్లలో వేలమంది ఆ వార్తను చూచియే సైన్యమున చేరుటకు సిద్ధపడిరి. పిదప ఆతడు ఇల్లినాయ్‌కు పోయి, ఏప్రిలు 25న స్ప్రింగ్‌ఫీల్డులో శాసనసభ ముందును, మే 1న షికాగోలో, సుమారు ఒక యేడు క్రిందట లింకనును అభ్యర్థిగా ఎన్నుకొన్న విగ్వామ్ మందిరములోను ప్రసంగించెను. పక్షభేదము మాని దేశమును నిలుపుడని కోరెను. ఏడేండ్ల క్రిందట ఆతనిని మాటాడనీయని ఊరు ఈ మారు నిశ్శబ్దముగా వినెను.

ఆ ప్రసంగమైన పిదప ఆతడు మంచము పట్టెను. సన్నిపాత జ్వరము, చెడిన దేహము. కొడుకులకు ఏమి చెప్పుదువని రెండవ భార్య ఆడెల్ అడుగగా, చట్టములకు లోబడి, రాజ్యాంగమును నిలుపవలెనని చెప్పుమనెను. 1861 జూను 3వ తేదిన, నలుబదియెనిమిదవ యేట, మరణించెను. మిషిగన్ సరస్సు ఒడ్డున తాను కొన్న భూమిలోనే ఆతనిని పాతిపెట్టిరి. 1881 నాటికి అచట 96 అడుగుల స్మారకస్తంభము పూర్తియయ్యెను. స్ప్రింగ్‌ఫీల్డు శాసనసభ ఆవరణలోని ఆతని విగ్రహమును 2020లో, మిసిసిపీ ఎస్టేటు సంగతి కారణముగా, తొలగించిరి.

ఆతడు మరణించిన కొలది నెలలకే, సమాధికి చేరువనున్న ఆ భూములలో ఉత్తరాది సైన్యము ఒక శిబిరము వేసి డగ్లస్ పేరు పెట్టెను. 1862 ఫిబ్రవరినుండి అది దక్షిణాది ఖైదీల చెరసాలయయ్యెను. మసూచి, విరేచనములు, షికాగో చలి కలిసి యుద్ధము ముగియులోపల అచట 4,000 మందికి పైగా దక్షిణాది యువకులను బలిగొన్నవి.